కొసరు కాని కొసరు

పటమట రైతుబజారులో ఆకుకూరలమ్మే ఆవిడ నాలుగు తోటకూర కట్టలు సంచిలో వేసి, చివర్న ఓ గుప్పెడు కరివేపాకు పడేస్తుంది. అడగకపోయినా పడేస్తుంది. ఎప్పుడైనా మరిచిపోతే నేనే సంచి మూతి తెరిచి పట్టుకుని నిలబడతాను. నోరు విడిచి అడగను, అక్కణ్ణుంచి కదలను. ఆవిడ నవ్వి ఓ రెబ్బ తుంచి వేస్తుంది. కొసరు అంటే అదే. బేరానికి పైన పడ్డది, లెక్కలోకి రానిది, ఇచ్చినవాళ్ళకి మర్నాటికి గుర్తుండనిది. మొన్నామధ్య ఆవిడే చిల్లర ఇస్తూ పది నోటు బదులు ఇరవై నోటు చేతిలో పెట్టింది. నాలుగడుగులు వేశాక చూసుకుని వెనక్కి వెళ్ళి ఇచ్చేశాను. ఇందులో నా గొప్పేం లేదు, నాలుగడుగులే కదా. ఇంటికొచ్చి చొక్కా విప్పాక చూసుకుంటే మళ్ళీ స్కూటరు తీసేవాణ్ణా? వారం తర్వాత ఆవిడ "బాబాయ్ గారూ, మొన్న మీకు పది రూపాయలు ఎక్కువిచ్చాను, ఇవాళ పట్టుకుంటున్నా" అంటే నా మొహం ఎలా ఉండేది? ఆ పది ఆవిడదే. అయినా నా జేబులోంచి తీసుకున్నట్టే ఉండేది. ఎందుకలా అని ఆలోచిస్తూ కూర్చుంటే 2024 అక్టోబరు నాటి ఓ జీతాల పట్టీ గుర్తొచ్చింది. గుర్తొచ్చిందేమిటి, అది మరుపుకొస్తేగా.

నేను లెక్కలు రాసి బతికేవాణ్ణి. ఆడిటర్ని కాను, ఆడిటరు ముందుకి వెళ్ళే కాగితాలు సిద్ధం చేసేవాణ్ణి. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో ఓ పప్పుల కొట్టు, ఆటోనగర్లో ఓ లేతు షెడ్డు, గవర్నరుపేటలో ఓ ప్రింటింగ్ ప్రెస్సు. వారంలో ఒక్కో రోజు ఒక్కో చోట నాకో కుర్చీ, ఓ ఫ్యాను, ఓ కప్పు టీ. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను: జీతంలో యాభై రూపాయలు తగ్గితే ఆ సాయంత్రానికే మనిషి నా బల్ల ముందుంటాడు. వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చూపిస్తాడు, ఏ ఓవర్‌టైము వదిలేశానో. ఎక్కువ పడితే మటుకు ఎవరూ రారు. రాకపోవడం దొంగతనమా? నాకలా ఎప్పుడూ అనిపించలేదు. తక్కువైనప్పుడు లోకం తప్పు చేసిందనుకుంటాం, ఎక్కువైనప్పుడు లోకం ఇన్నాళ్ళకి సరైన పని చేసిందనుకుంటాం. ఏడాది పొడవునా తక్కువతోనే బతికేవాడు ఓ నెల ఎక్కువ వస్తే దాన్ని పొరపాటు అని ఎందుకనుకుంటాడు?

ఆ ఏడాది సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ మునిగిన రోజు. ఆ వారం విజయవాడ ఎలా ఉందో ఇక్కడి వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. డాబాల మీద జనం, వీధుల్లో పడవలు, డ్రోన్లతో జారవిడిచిన అన్నం పొట్లాలు. ప్రెస్సు ఉన్న వీధిలోకి నీళ్ళు రాలేదు. కానీ ప్రెస్సులో కటింగ్ మెషిను మీద పనిచేసే ఆయన ఇల్లు సింగ్‌నగర్లో కింది వాటా. సోమవారం నుంచి ఎనిమిది రోజులు రాలేదు. తొమ్మిదో రోజున వచ్చినప్పుడు చెప్పులు లేవు. కాళ్ళ వేళ్ళ మధ్య ఒరుసుకుపోయి తెల్లగా ఉంది. పిల్లల పుస్తకాలు పోయాయన్నాడు, ఫ్రిజ్జు నీళ్ళ మీద తేలిందన్నాడు, అనేసి కాగితం కట్ట తీసి బ్లేడు కింద సర్దుకున్నాడు. క్యాలెండర్లు, డైరీల పని మొదలయ్యే కాలం అది.

జీతాల పట్టీ నేను ఎక్సెల్‌లో చేస్తాను. ఆగస్టు పట్టీని కాపీ చేసి, పైన నెల పేరు మార్చి, రోజుల గడిలో అంకెలు మార్చాలి. నెల పేరు మార్చాను. మిగతా పదకొండు మంది రోజులు మార్చాను. ఆయన గడి దాటిపోయాను. ఎందుకు దాటిపోయానో ఈ రోజుకీ తెలియదు. మనసే కావాలని దాటేసిందేమో అని ఒక్కోసారి నన్ను నేను మెచ్చుకోబోతాను. అబద్ధం. ఫోను మోగి ఉంటుంది. అక్టోబరు 7న పూర్తి నెల జీతం 14,400 లెక్కన డబ్బులు వెళ్ళిపోయాయి. ఈఎస్ఐ 108 పోను ఆయన ఖాతాలో 14,292 పడ్డాయి. బ్యాంకు స్టేట్‌మెంటుకీ నా పట్టీకీ పైసా తేడా లేదు. తప్పు రెండు చోట్లా ఒకే అందంతో ఉంటే సరిచూసేవాడి కంటికి అది ఒప్పులాగే ఉంటుంది.

బయటపడింది ఈఎస్ఐ దగ్గర. ప్రతి నెలా 15లోగా కట్టాలి, అందులో ఒక్కో మనిషికీ ఎన్ని రోజుల జీతమో, ఎంత జీతమో విడివిడిగా నింపాలి. రోజుల కోసం హాజరు పుస్తకం ముందేసుకున్నాను. ఆయన వరసలో ఎనిమిది గళ్ళు ఖాళీ. చెమట పట్టింది. రోజుకి 480, ఎనిమిది రోజులకి 3,840. మొదట ఆ అంకే వేశాను. తర్వాత చూస్తే ఆ ఎనిమిదిలో ఏడో తారీకు వినాయక చవితి, ఎనిమిది ఆదివారం. రెండు రోజులూ ప్రెస్సు తాళం వేసే ఉంది. తాళం వేసిన చోటికి రాలేదని ఎవరి జీతం కొడతాం? అంటే ఆరు రోజులే, 2,880. అదీ నిజం కాదు. జీతం 11,520 అయితే ఈఎస్ఐ వాటా 87 అవుతుంది, నేను 108 పట్టుకున్నాను. అంటే ఆయన చేతికి ఎక్కువగా చేరింది 2,859 మాత్రమే. ఇంకా చలానా కట్టలేదు గనక అది సరిదిద్దుకోవచ్చు. మిగతా 21 రూపాయలు ఆయన్ని అడిగితే, ఆయన కంట పడని డబ్బుని ఆయన దగ్గర వసూలు చేసినట్టు. చాలాచోట్ల ఈ 21 మీదే ఎవరి చూపూ పడదు. పైన రాసిన జీతమే చూస్తారు, చేతికందింది చూడరు. 3,840 నుంచి 2,859కి దిగేసరికి గంట పట్టింది. తప్పు చేయడానికి అరక్షణం కూడా పట్టలేదు.

ఇంతకీ అసలు సంగతి చెప్పలేదు. ఆ దసరా నవరాత్రుల్లోనే, జీతం పడ్డ రెండో రోజో మూడో రోజో, ఆయన ఇంద్రకీలాద్రి ఎక్కి దర్శనం చేసుకుని లడ్డూ ప్రసాదం తెచ్చి ఓనరుగారి చేతిలో పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు, వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. ఓనరు కంగారుపడి "ఏంటయ్యా ఇది" అని వెనక్కి జరిగి, ప్రసాదం కళ్ళకద్దుకుని, నాకో ముక్క విరిచిచ్చాడు. పండగ కదా అనుకున్నాం ఇద్దరం. హాజరు పుస్తకం ముందు కూర్చున్నప్పుడు ఆ దణ్ణం ఎందుకో అర్థమైంది. వరద రోజులు కొట్టకుండా పూర్తి జీతం వేశాడని ఆయన అనుకున్నాడు. చేయని దయకి ఓనరు దణ్ణం అందుకున్నాడు. నా పొరపాటులో నాకూ ఓ లడ్డూ ముక్క దక్కింది.

"వచ్చే జీతంలో పట్టెయ్యండి మాస్టారూ, దానికంత ఆలోచనేంటి" అన్నాడు ఓనరు. చెడ్డవాడు కాదు. మునిగిన ఇళ్ళవాళ్ళకి ప్రెస్సు తరఫున తలా ఓ బియ్యం బస్తా ఇచ్చినవాడే. "కింది వాటా మునిగినోళ్ళకి గవర్నమెంటు పాతిక వేలు ప్రకటించింది కదా" అని కూడా అన్నాడు. అది నిజమే. వరదసాయం వరదకి, జీతం పనికి అని నేను నసిగాను. పప్పుల కొట్లోనూ ఇదే మాట వినేవాణ్ణి, లేతు షెడ్డులోనూ ఇదే మాట. చిన్న వ్యాపారంలో ఓనరు జేబుకీ గల్లాపెట్టెకీ మధ్య గోడ పల్చన. పోయిన మూడు వేలు గల్లాలోంచి కాదు, ఇంట్లోంచి పోయినట్టుంటుంది. అది తప్పని అనలేను.

పట్టడం సులువే. పద్దు రాయడం దగ్గర ఆగాను. ఎవరి దగ్గర్నుంచో రావాల్సిన డబ్బుకి ఓ ఖాతా ఉండాలి, ఆ ఖాతాకో పేరుండాలి. టాలీలో 'లోన్స్ అండ్ అడ్వాన్సెస్' అని ఓ గ్రూపు ఉంటుంది. జీతాల్లో ఎక్కువ పోయిందల్లా దాని కింద 'స్టాఫ్ అడ్వాన్సు' అని పడేయడం అందరూ చేసేదే, నేనూ ఇన్నేళ్ళూ చేసిందే. ఆ రోజు మాత్రం వేలు కదల్లేదు. అడ్వాన్సంటే ఏమిటి? మనిషి వచ్చి, తల గోక్కుంటూ నిలబడి, కూతురి ఫీజనో అత్తగారి ఆపరేషననో చెప్పుకుని, ఓనరు మొహం చూసి, తీసుకుని, సంతకం పెట్టేది. ఈయన అవేవీ చేయలేదు. అడగనివాణ్ణి అడిగినవాడిగా రాస్తున్నాను. నా వేలు జారితే ఆయన బాకీదారయ్యాడు. పుస్తకంలో నా పేరు ఎక్కడా ఉండదు, ఆయన పేరు ఉంటుంది.

చట్టం ఏమంటుందో చూద్దామని ఆ రాత్రి పాత పుస్తకం తీశాను. అప్పటికి 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే నడుస్తోంది. ఏడో సెక్షనులో జీతంలోంచి ఏమేం కోయవచ్చో ఓ జాబితా: జరిమానాలు, గైర్హాజరు, పాడుచేసిన సరుకు, ఇచ్చిన క్వార్టరు అద్దె. 'ఎఫ్' క్లాజు దగ్గరికొచ్చేసరికి నవ్వొచ్చింది. అడ్వాన్సుల వసూలు, ఎక్కువ చెల్లించిన వేతనం సర్దుబాటు, రెండూ ఒకే క్లాజులో పక్కపక్కనే కూర్చున్నాయి. నేను టాలీలో చేస్తున్నదే తెల్లవాళ్ళ కాలంలో చట్టం రాసినవాళ్ళూ చేశారు. కోతలన్నీ కలిపి ఆ నెల జీతంలో సగం దాటకూడదని ఆ చట్టంలో ఉండేది, సహకార సంఘం బాకీలు కలిస్తే ముప్పాతిక దాకా. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన వేతనాల కోడ్‌లోనూ సగమన్న హద్దు ఉంది. అంటే 2,859ని ఒక్క దెబ్బలో లాగేసినా చట్టం కిక్కురుమనదు. అంతకు ముందు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను ఉండనే ఉంది: పొరపాటున అందుకున్న డబ్బు తిరిగి ఇచ్చేయాలి. ఎవరి పొరపాటు అన్న ప్రశ్నే దానికి లేదు. సుప్రీంకోర్టు మాత్రం 2014 డిసెంబరు 18న రఫీక్ మసీహ్ కేసులో కొంచెం మెత్తబడింది. ఆ తీర్పు పేరులోనే ఆయన వృత్తి బ్రాకెట్లో ఉంటుంది, సున్నం కొట్టేవాడని. కింది తరగతి ఉద్యోగుల దగ్గర, రిటైరైనవాళ్ళ దగ్గర, ఐదేళ్ళకు మించి ఎక్కువ చెల్లిస్తూ పోయిన చోట వసూలు చేయకూడదంది. యజమాని హక్కు కన్నా ఆ మనిషికి కలిగే కష్టం బరువైతే ఆగాలంది. చదువుతుంటే బాగానే ఉంది. అయితే అది సర్కారీ కొలువుల కేసుల్లోంచి పుట్టిన మాట. పన్నెండు మంది ప్రెస్సులో ఆరు రోజుల జీతం కోసం ఆ తీర్పు చంకన పెట్టుకుని కోర్టు మెట్లెక్కేదెవరు?

సర్కారీ కొలువులంటే గుర్తొచ్చింది. 2022 ఫిబ్రవరి 3న బీఆర్‌టీఎస్ రోడ్డు మీద స్కూటరు తోసుకుంటూ ఇంటికి వెళ్ళాను, నడపడానికి చోటు లేక. చలో విజయవాడ అని రాష్ట్రం నలుమూలల నుంచీ ఉద్యోగులు, టీచర్లు. మధ్యంతర భృతి 27 శాతం తీసుకుంటున్నవాళ్ళకి కొత్త పీఆర్సీలో ఫిట్‌మెంటు 23 శాతమే అన్నారు. ఇచ్చింది ఎక్కువైంది గనక ఆ తేడాని రావాల్సిన బకాయిల్లో సర్దుతామన్నారు. అది వేలు జారిన పొరపాటు కాదు, తెలిసి ఇచ్చిందే. అయినా ఆ జనం నోట మోగిన మాట 'రికవరీ'. ఓ మాస్టారు పక్కనే నడుస్తూ "ఇచ్చిన చేత్తోనే లాక్కుంటారా" అంటున్నాడు. ఆ తర్వాత చర్చల్లో ఆ మాట వెనక్కి తగ్గింది. అంత రోడ్డు నిండింది గనక తగ్గింది. కటింగ్ మెషిను దగ్గర నిలబడ్డది ఒక్కడు.

ఇంకా పైవాళ్ళ సంగతి మరీ విచిత్రం. 2020 ఆగస్టులో అమెరికాలో సిటీబ్యాంకు, రెవ్లాన్ అనే కంపెనీ అప్పుకి వడ్డీ మాత్రం పంపబోయి అసలుతో సహా దాదాపు 90 కోట్ల డాలర్లు అప్పిచ్చినవాళ్ళకి పంపేసింది. కొందరు తిరిగిచ్చారు. 50 కోట్ల డాలర్ల దాకా అందుకున్నవాళ్ళు ఇవ్వం పొమ్మన్నారు. మాకు రావాల్సిన డబ్బే, పొరపాటని మాకెలా తెలుస్తుంది అన్నారు. 2021లో జడ్జిగారు నిజమే, ఉంచుకోండి అన్నారు. 2022లో పైకోర్టు ఆ తీర్పు కొట్టేసిందనుకోండి. అయినా ఏడాదిన్నర పైనే ఆ మాట నిలబడింది. మాకెలా తెలుస్తుంది! మా కటింగ్ ఆయన కూడా కచ్చితంగా అదే అనగలడు, వకీలు లేకుండా.

మా తాత దివిసీమలో వ్యవసాయం చేసేవాడు. కుప్ప నూర్చినప్పుడు కళ్ళంలో కూలీలకి కుంచంతో కొలిచి పోసేవారు. కొలిచేవాడు 'ఒకటి' అనడు, 'లాభం' అంటాడు. లాభం, రెండు, మూడు, అలా రాగం తీసుకుంటూ పోతాడు. ఓసారి మధ్యలో ఎవరో పలకరిస్తే లెక్క తప్పి ఒకామె కొంగులో ఓ కుంచెడు ఎక్కువ పడింది. పక్కనున్న మా పెదనాన్న చెయ్యి చాపబోతే మా నాయనమ్మ గసిరింది. కళ్ళంలో పోసిన గింజ వెనక్కి తీయకూడదురా అంది. ఈ ముక్క చాలా ఏళ్ళు అందరికీ గొప్పగా చెప్పుకుని తిరిగాను. తాత పోయాక భోషాణంలో ఆవర్జా పుస్తకాలు దొరికే దాకా. అందులో పాలేరుకో పేజీ ఉంది. ఏడాది జీతం ఒకవైపు, ముందుగా ఇచ్చింది ఇంకోవైపు, కింద తేలిన బాకీ మళ్ళీ పై ఏడు పేజీ నెత్తిన. ఏడేళ్ళ పాటు ఆ మనిషి బాకీ తీరలేదు. ఒక్క చోట కూడా లెక్క తప్పలేదు. కళ్ళంలో పది మంది చూస్తుండగా కుంచెడు వదిలిన చెయ్యే, పెట్టెలోని పుస్తకంలో కాణీ కూడా వదల్లేదు. అడ్వాన్సు అనే మాటకి మా డెల్టాలో ఎంత బరువుందో ఆ పేజీ చూశాక తెలిసింది. ఆ బరువు తీసేయడానికి 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం రావాల్సి వచ్చింది. నేను రాస్తున్నది 2,859 రూపాయల పద్దు, వెట్టీ కాదు గిట్టీ కాదు. అనవసరంగా పెద్దది చేస్తున్నానా? చేస్తున్నానేమో. కానీ ఖాతా పేరు అదే కదా.

మర్నాడు టీ వేళకి మెషిను దగ్గరికి నేనే వెళ్ళాను. పిలిపిస్తే బల్ల ముందు నిలబడాలి ఆయన. "కిందటి నెల జీతం..." అని మొదలెట్టానో లేదో "పూర్తిగా వేశారు సార్, వరద రోజులు కొట్టలేదని మా ఇంటావిడక్కూడా చెప్పాను" అన్నాడు. ఎలా చెప్పానో గుర్తులేదు, తప్పు నాదని మాత్రం రెండు మూడుసార్లు అన్నాను. ఆయన బ్లేడు మీది కాగితప్పొట్టు గుడ్డతో తుడిచాడు. "ఎంత?" 2,859 అన్నాను. "ఎనిమిది రోజులకి ఇంకా ఎక్కువవ్వాలిగా?" అన్నాడు. చవితి, ఆదివారం, ఈఎస్ఐ అన్నీ విప్పి చెప్పాను. ఊఁకొట్టాడు. అంటే తన రోజుకూలి ఆయనకి నాకంటే బాగా తెలుసు, ఎంత ఎక్కువ పడిందో ఆ రోజే వేసుకున్నాడు, వేసుకుని కొండెక్కాడు. కాసేపాగి అడిగాడు: "అడ్వాన్సు కింద రాస్తారా సార్?" అవునన్నాను. "మరి సంక్రాంతికి?"

ప్రెస్సులో ఓ నియమం ఉంది. పాత అడ్వాన్సు పూర్తిగా తీరితే గానీ కొత్తది ఇవ్వరు. ఏటా సంక్రాంతికి ఆయన ఐదు వేలు తీసుకుంటాడు. నేను రాత్రంతా చట్టాల్లో వెతికిన దాన్ని ఆయన ఒక్క మాటలో నా ముందు పెట్టాడు. ఆ పేరు రాస్తే ఆయన అడగని అప్పు, అడగబోయే అప్పుకి అడ్డం పడుతుంది.

ఓనరుతో మాట్లాడి ఆరు రోజులే అని ఒప్పించాను. దానికో పూట పట్టింది, చవితి నాడు తాళం ఎవరు వేశారన్న చోట ఆయన మెత్తబడ్డాడు. మూడు నెలల్లో పట్టమన్నాడు. 2,859ని మూడుతో భాగిస్తే సరిగ్గా 953, పైసా మిగల్లేదు. లెక్కలు రాసేవాడికి దేవుడు అప్పుడప్పుడూ ఇలాంటివి ఇస్తుంటాడు. ఆ మూడు నెలలూ జీతం పూర్తిగానే చూపించి, కోత కింద విడిగా చూపించాను. జీతాన్నే తగ్గించి రాస్తే ఈఎస్ఐ ఇంకోసారి తప్పుతుంది. ప్రసాదం సంగతి ఓనరుకి చెప్పలేదు. టాలీలో కొత్త ఖాతా తెరిచాను: 'జీతాల్లో లెక్క పొరపాటు'. పక్కన ఆయన పేరు రాయలేదు. సంక్రాంతికి ఆయన తల గోక్కుంటూ వచ్చి ఐదు వేలు తీసుకున్నాడు. సంతకం పెడుతూ నా వైపు చూడలేదు. కొండ మీద నుంచి ప్రసాదం కూడా మళ్ళీ తేలేదు.

మార్చి లెక్కలప్పుడు ఆడిటరు గారి దగ్గర పనిచేసే కుర్రాడు ఖాతాల జాబితా చూస్తూ "ఇదేంటి సార్, బ్యాలెన్సు జీరోనేగా, తీసెయ్యొచ్చు కదా" అన్నాడు. నిజమే అని తీసేయబోయాను. పద్దులు పడ్డ ఖాతాని టాలీ చెరపనివ్వదు. ఏటా జాబితాలో వస్తోంది, ఎదురుగా అంకె లేకుండా.